పుండుపై వ్రాలు ఈగలు: జాతి నిర్ణయము

(సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద ఇంతకు పూర్వము ప్రబంధ కవులను గూర్చి, త్యాగరాజ కృతులను గూర్చి, శాసనములను గూర్చి పెద్దలు ప్రసంగించిరి. వారి తరువాత ఈగలను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పశువైద్యమే వృత్తిగా గలవానికి ఇంతకంటె మధురమైన విషయము దొరకదని వారు తలచిరి కాబోలు. ఈ ప్రసంగమును భోజనమునకు ముందుగా ఏర్పాటు చేసిన బాధ్యత మాత్రము పూర్తిగా వారిదే.

మనలో పల్లెటూళ్ళలో పెరిగినవారు పశువుల పుండ్లలో పురుగులు పడుట చూచియే యుందురు. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు ఆరకముందే అందులో పురుగు పట్టును. ఎద్దు మెడపై కాడి ఒరసినచోట, కొమ్ము విరిగినచోట, తుదకు గోమారి కరచిన చిన్న గాటున సైతము పురుగు పట్టును. సీతాఫలపు ఆకు నూరి ఆ ముద్దను పుండులో కూరి గుడ్డ కట్టుట మన ప్రాంతములలో తాతల నాటి వైద్యము. కర్పూరము, టర్పెంటైను నూనె తరువాత వచ్చినవి. పురుగు చచ్చిన చాలునని రైతు సంతోషించును. ఆ పురుగు ఏ ఈగకు పుట్టినదని అడిగినవారు అరుదు. ఈగ అనిన ఈగయే గదా, అందులో ఇది యనియు అది యనియు ఏమున్నది?

ఏమున్నదో చెప్పుటకే నేను నిలిచితిని. ఒకదానినొకటి పోలిన రెండు ఈగలను ఒక్కటిగా భావించినందున అమెరికా ఖండమునందలి పశుపాలకులు అనేక దశాబ్దములపాటు శత్రువును విడిచి నిరపరాధిని దండించుచు వచ్చిరి. పూర్తిగా నిరపరాధి యనుటయు సరికాదు; చిల్లర నేరములు చేయునది అనవలెను.

పుండ్లపై వ్రాలు ఈగలలో రెండు తరగతులు కలవు. మొదటి తరగతివి కుళ్ళిన మాంసము మీద, చచ్చిన పశువు కళేబరము మీద గ్రుడ్లు పెట్టును. పుండు ముదిరి కుళ్ళి దుర్వాసన వచ్చినపుడు బ్రతికియున్న పశువు మీదికిని వచ్చును. వాని పురుగులు సామాన్యముగా చచ్చిన కండనే తినును. రెండవ తరగతివి అట్టివి కావు. వాని పురుగులకు బ్రతికియున్న వెచ్చని మాంసమే కావలెను. కళేబరమున అవి పెరుగజాలవు. తల్లి యీగ పుండు అంచున ఒక్కసారికి సుమారు రెండు వందల గ్రుడ్లను వరుసలుగా పేర్చి అతికించును. ఒక దినము లోపలనే అవి పొదుగును. పురుగులు తల క్రిందికి పెట్టి మాంసమును తొలుచుకొని పోవును. తోక చివర నుండు శ్వాసరంధ్రములను మాత్రము గాలి కొఱకు పైకి పెట్టును. ఐదు మొదలు ఏడు దినములలో పెరుగుట పూర్తియై, పుండునుండి నేలపై రాలి, మట్టిలో దూరి, గూడు కట్టిన దశలో కొన్ని దినములుండి ఈగలై వచ్చును. పుండు పెద్దదైన కొలది దాని వాసనకు మరికొన్ని తల్లి యీగలు వచ్చి గ్రుడ్లు పెట్టును. చికిత్స లేకున్న పెద్ద ఎద్దు సైతము వారము పది దినములలో చచ్చుట కలదు. మనుష్యులకును ఈ బాధ తప్పలేదు. ముక్కులో, చెవిలో, ముసలివారి మంచపు పుండ్లలో ఇవి చేరిన ఉదంతములు మన దేశపు వైద్య పత్రికలలోనే అనేకములు కనబడును.

పురుగు దేహము చుట్టును ముండ్ల వరుసలు మరమేకు చుట్ల వలె నుండును గనుక ఆంగ్లమున దీనిని స్క్రూవర్ము అని పిలిచిరి. మనము మరమేకు పురుగు అనవచ్చును.

అమెరికా ఖండములో ఈ రెండు తరగతులకు చెందిన రెండు ఈగలు కలవు. రెండును నీలము, ఆకుపచ్చ కలిసిన మెరుపు రంగు గలవి. రెండింటికిని వీపు మీద మూడు నల్లని చారలు, ముఖము పసుపు ఎరుపుల నడుమ వన్నె. పరిమాణమును బట్టి వేరు చేయుదమన్న, తిండి చాలని పురుగు చిన్న ఈగగాను, సమృద్ధిగా తిన్నది పెద్ద ఈగగాను అగును. కాబట్టి కొలబద్ద పనికిరాదు.

వీనిలో ఒకదానికి డేనిష్ పండితుడు ఫాబ్రిషియస్ 1775లో 'మాసెల్లేరియా' అను పేరు పెట్టెను. లాటిన్ భాషలో మాంసపు అంగడికి సంబంధించినది అని అర్థము. ఈయన లిన్నేయస్ శిష్యుడు. రెండవ దానిని 1858లో ఫ్రెంచి నౌకాదళ వైద్యుడు కొకెరెల్ వర్ణించెను. దక్షిణ అమెరికాలోని కయేన్ వద్ద ఫ్రెంచి ప్రభుత్వము ద్వీపాంతరవాస శిక్ష పొందిన ఖైదీలను ఉంచెడిది. ఆ ఖైదీల ముక్కులలో, నుదుటి యెముక గదులలో చేరి ప్రాణములు తీసిన పురుగులను చూచి, వానినుండి వచ్చిన ఈగకు ఆయన 'హోమినివోరాక్స్' అని పేరిడెను. నరభక్షకి యని దాని భావము. ఇంత భయంకరమైన పేరు పెట్టినను లోకము దానిని లక్ష్యపెట్టలేదు. తరువాతి పండితులు పెక్కుమంది ఈ రెండును ఒక్కటే యని తలచి, పాత పేరైన మాసెల్లేరియా క్రింద రెండింటిని కలిపివైచిరి.

మన కార్యాలయములలో ఇట్టిది జరుగుట మీకు తెలియనిది కాదు. ఒకే సెక్షనులో ఇద్దరు వెంకటేశ్వరరావులున్నచో ఒకరి ఇంక్రిమెంటు ఉత్తరువు ఇంకొకరి సర్వీసు పుస్తకములో చేరును. ఒకరికి రావలసిన మెమో వేరొకరికి పోవును. అక్కడ ఆరు నెలలలో సర్దుబాటగును. ఈగల విషయమున సర్దుబాటగుటకు డెబ్బదియైదు ఏండ్లు పట్టెను.

ఈ లోపల ఏమి జరిగినదో చూడుడు. టెక్సాసు మొదలగు దక్షిణ రాష్ట్రములలో పుండు పురుగుల వలన పశువులు చచ్చుచుండెను. ఆ పురుగుల ఈగ మాసెల్లేరియా యని పుస్తకములు చెప్పుచుండెను. మాసెల్లేరియా ఎక్కడ పుట్టుచున్నదని చూడగా ఏ కళేబరము మీద చూచినను లెక్కకు మించిన పురుగులు. కళేబరములే ఈ బాధకు మూలమని ఎవరికైన తోచును గదా. కాబట్టి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు రైతులకు కళేబరములను కాల్చుడు, పాతిపెట్టుడు అని ఉపదేశించిరి. మాంసము ఎరగా పెట్టి బోనులు అమర్చి ఈగలను పెద్దయెత్తున పట్టిరి. బోనులు నిండుచునే యుండెను. పశువులు చచ్చుచునే యుండెను. ఉపదేశమును తుచ తప్పక పాటించిన రైతుకును, పాటించని పొరుగువానికిని నష్టము సమానముగానే యుండెను. తప్పు రైతుల శ్రద్ధాలోపమని అధికారులును, అధికారుల తెలివితక్కువ యని రైతులును అనుకొనియుందురు. బోనులలో పడిన ఈగలలో అత్యధిక భాగము కళేబరముల ఈగయే. హంతకి సంఖ్యలో ఎప్పుడును తక్కువయే; అది కళేబరమున గ్రుడ్లు పెట్టదు.

ఈ ముడిని విప్పిన ఇరువురిలో ఒకరికి మన దేశముతో, మన ప్రాంతముతో సన్నిహిత సంబంధము కలదు. డబ్ల్యు. ఎస్. పాటన్ ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన వైద్యుడు. మద్రాసు నగరపు శివారున గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిరి. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే యని వేరుగ చెప్ప నక్కరలేదు. పాటన్, క్రాగ్ అను సహోద్యోగితో కలిసి వ్రాసిన వైద్య కీటకశాస్త్ర గ్రంథము 1913లో వెలువడెను. వెయ్యి రూపాయల పరికరము లేని రోజులలో సామాన్యమైన సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి దోమ కడుపును, ఈగ నోటిని విప్పి చూచి బొమ్మలు గీసినవారి ఓపిక ఆ గ్రంథమున ప్రతి పుటలోను కనబడును.

మన దేశపు పుండ్లలోని పురుగును గూర్చియు ఇట్టి గందరగోళమే యుండెను. కసాయి అంగళ్ళ దగ్గరను, పెంటకుప్పల మీదను గుంపులుగా మూగు పెద్ద కండ్ల నీలి ఈగను మీరందరును చూచినారు. 'మెగాసెఫలా', అనగా పెద్ద తల గలది, అని దాని పేరు. పుండ్లలోని పురుగు దీనిదేనని తలచుట సహజము. పుండ్లనుండి తీసిన పురుగులను ఈగలగువరకు పెంచి చూచి, అవి వేరు జాతివని, 1914లో విల్‌నవ్ అను ఫ్రెంచి పండితుడు ఆఫ్రికా ఈగలనుండి వర్ణించిన 'బెజ్జియానా' జాతివని పాటన్ 1920లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసర్చిలో ప్రకటించిరి. బెజ్జి అనునది ఈగలను గూర్చి జీవితమంతయు కృషి చేసిన ఇటలీ పండితుని పేరు. తన పేరు ఇట్టి ప్రాణికి పెట్టుటను గౌరవముగా భావించువారు శాస్త్రజ్ఞులలోనే యుందురు.

ఈ బెజ్జియానాయు కళేబరమున పెరుగదు. బ్రతికియున్న మాంసమే దాని తిండి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణమున, పారసీక సింధుశాఖ తీరములలో, మన దేశమున, ఆగ్నేయాసియాలో, న్యూగినీ వరకు ఇది వ్యాపించియున్నది. అమెరికా ఈగకును దీనికిని బంధుత్వము దూరము. వృత్తి మాత్రము ఒక్కటే. ఒకే వృత్తి రెండు ఖండములలో రెండు కుటుంబ శాఖలలో వేర్వేరుగా పుట్టుట ప్రకృతిలోని చిత్రము.

పాటన్ తరువాత ఇంగ్లండునకు పోయి లివర్‌పూలులోని ఉష్ణమండల వైద్య విద్యాలయమున కీటకశాస్త్రాచార్యులైరి. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన ఎమరీ కుషింగ్ అను ఆయన అక్కడికి పోయి వారి వద్ద పరిశోధన సాగించెను. పుండ్లనుండి పెంచిన ఈగలను, కళేబరములనుండి పెంచిన ఈగలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. పై రంగును, చారలను నమ్మక, మగ ఈగ ఉదరము చివర నుండు అవయవములను వేరుచేసి, క్షారములో నానబెట్టి, తేటపరచి, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించిరి. రంగు ఎండకు మారవచ్చును, పరిమాణము తిండిని బట్టి మారవచ్చును. ఒక జాతికి చెందిన మగ ఈగలలో ఈ అవయవముల ఆకృతి మాత్రము సామాన్యముగా మారదు. పుండు ఈగ ఆకృతి వేరు, కళేబరపు ఈగ ఆకృతి వేరు. నడుమ రకములు లేవు. రెండును రెండు జాతులని 1933లో ప్రకటించి, పుండు ఈగకు 'అమెరికానా' యని కొత్త పేరు పెట్టిరి.

ఆ పేరు నిలువలేదు. జంతువుల నామకరణములో సీనియారిటీ నియమము మన గ్రడేషను పట్టికకంటె కఠినము. మొదట ప్రకటించిన పేరే చెల్లవలెను. డెబ్బదియైదు ఏండ్లు మూలపడియున్న కొకెరెల్ గారి హోమినివోరాక్స్ ఇదియే యని తేలగానే అమెరికానా అను పేరు తొలగిపోయెను. అప్పీలు లేదు.

ఒకసారి వేరని తెలిసిన తరువాత తేడాలు ఒక్కొక్కటిగా బయటపడెను. ప్రతి దశలోను రెండింటిని పోల్చి చూపు విస్తృత నివేదిక 1936లోనే అమెరికా వ్యవసాయశాఖ ప్రచురించెను. సర్వీసు పుస్తకమున మన పుట్టుమచ్చలు వ్రాసికొన్నట్లు ఈగలకును గుర్తులు వ్రాసియుంచిరి. కళేబరపు ఈగ ఉదరపు చివరి భాగమున రెండు ప్రక్కల వెండి పొడి చల్లినట్టి మచ్చలుండును. పుండు ఈగకు అవి స్పష్టముగా నుండవు. కళేబరపు ఈగ నుదుటి ప్రక్కల క్రింది భాగములోని సన్నని వెండ్రుకలు తెల్లనివి, పుండు ఈగవి నల్లనివి. ఆడ ఈగలలో రెక్క మొదట నుండు చిన్న పొలుసు ఒకదానికి పసుపు, వేరొకదానికి ముదురు గోధుమ రంగు. ఇవన్నియు భూతద్దము క్రింద చూడవలసిన గుర్తులు.

నాకు మిక్కిలి నచ్చిన గుర్తు పురుగులోనిది. పురుగు తోక చివరి శ్వాసరంధ్రముల నుండి రెండు గాలి గొట్టములు దేహములోనికి పోవును. పూర్తిగా పెరిగిన హోమినివోరాక్స్ పురుగులో ఈ గొట్టములు వెనుకనుండి మూడు నాలుగు ఖండముల పొడవున నల్లగా నుండును. చర్మము పలుచన గనుక పైకే రెండు నల్లని గీతలు కనబడును. మాసెల్లేరియా పురుగులో ఆ గొట్టములు తెల్లగా నుండును. సూక్ష్మదర్శిని లేని పశుపాలకుడు అరచేతిలో పురుగును పెట్టుకొని వెలుతురులో చూచి చెప్పవచ్చును. లివర్‌పూలులో అంత శ్రమపడి కనుగొన్నదానిని పశువుల కాపరి కంటికి అందునట్లు చేసినది ఈ గుర్తు.

మన దేశపు జంటకు ఈ గుర్తు పనికిరాదు. బెజ్జియానా పురుగులో నలుపు చివరి ఖండముతోనే ఆగిపోవును. అక్కడ చూడవలసినది పురుగు తల వైపున నున్న శ్వాసాంగము. అది వ్రేళ్ళు చాపిన చిన్న చేతివలె నుండును. బెజ్జియానాకు వ్రేళ్ళు నాలుగు మొదలు ఆరు. మెగాసెఫలాకు పదికి పైగా. పెరిగిన ఈగలలో మగవాని కండ్లు చూడవలెను. మెగాసెఫలా మగ ఈగ కంటిలో పై సగమునందలి అద్దములు పెద్దవి, క్రింది సగమువి చిన్నవి. నడుమ గీత గీసినట్లు హద్దు కనబడును. బెజ్జియానాలో ఆ మార్పు క్రమముగా వచ్చును, హద్దు లేదు. రెక్క మొదటనుండు రేకు బెజ్జియానాలో మైనము వలె తెల్లగాను, మెగాసెఫలాలో మసకబారియు నుండును. వాసన ఎర పెట్టి బోను అమర్చినచో పెద్ద తలవి కుప్పలుగా పడును, బెజ్జియానా ఒకటో రెండో పడును. ఆ ఒక్కదానిని ఏరుట కొఱకు వేలకొలది ఈగలను త్రిప్పి చూడవలెను. ఈ దినము జన్యుపదార్థ పరీక్ష వచ్చినది; పురుగు ముక్క దొరకినను జాతి చెప్పవచ్చును. అయినను ఏరి ఇచ్చువాడు లేనిదే పరీక్ష చేయువానికి పని లేదు.

ఇదంతయు పండితుల వినోదమా యని అడుగువారికి తరువాతి కథ సమాధానము. హోమినివోరాక్స్ వేరని తెలియుటతో దాని జీవితమును ప్రత్యేకముగా గమనించుట ఆరంభమయ్యెను. టెక్సాసులో నిప్లింగ్, బుష్‌లాండ్ అను ఇద్దరు యువకులు ఈ పనిలో నుండిరి. పశువు లేకుండ, గొడ్డుమాంసపు ఖైమా, రక్తము, నీరు, కొద్ది ఫార్మలిను కలిపిన తొట్టిలో పురుగులను పెంచవచ్చునని బుష్‌లాండ్ తన సహోద్యోగితో కలిసి 1936లో చూపెను. ఈ ఈగ సంఖ్య సహజముగా తక్కువయనియు, ఆడ ఈగ సామాన్యముగా జీవితములో ఒక్కమారే జతకూడుననియు గమనించి నిప్లింగ్ ఒక వింత యుక్తి పన్నెను. మగ ఈగలను కోట్లకొలది పెంచి, సంతానశక్తి లేకుండ చేసి వదలినచో, వానితో జతకూడిన ఆడ ఈగ గ్రుడ్లు పొదుగవు. తరతరమునకు సంఖ్య తగ్గి తుదకు జాతియే నశించును. మొదట విన్నవారు నవ్విరట. సంతానశక్తి పోగొట్టు మార్గము చాలకాలము దొరకలేదు. ఎక్సు కిరణముల వలన ఈగల బీజకణములలో మార్పులు కలుగునని ముల్లర్ 1927లోనే నిరూపించియుండెను. ఆయన వ్రాసిన ఒక వ్యాసము 1950లో నిప్లింగ్ కంటబడినది. ఆ వెంటనే బుష్‌లాండ్ ప్రయోగములు చేసి గూటి దశలోని పురుగులపై కిరణములు ప్రసరింపజేసిన చాలునని తేల్చెను.

1954లో వెనిజులా తీరమునకు చేరువనున్న కురసావో ద్వీపములో, 170 చదరపు మైళ్ళ నేలపై, చదరపు మైలుకు వారమునకు 400 వంధ్య మగ ఈగల చొప్పున విమానముల నుండి వదలిరి. అక్కడక్కడ దొడ్లలో మేకలను కట్టి వాని పుండ్ల మీది గ్రుడ్లను సేకరించి ఎన్ని పొదుగుచున్నవో లెక్కించుచు వచ్చిరి. పొదుగని గ్రుడ్లు పెరిగెను. తరువాత గ్రుడ్లే కనబడలేదు. కొలది నెలలలో ద్వీపము శుభ్రమయ్యెను. ఫ్లోరిడా, దాని చుట్టుప్రక్కల రాష్ట్రములు 1959 నాటికి విముక్తి పొందెను. 1991లో మెక్సికో, ఈ శతాబ్ది మొదటి దశాబ్దిలో పనామా వరకు ఈ ఈగ వెనుకకు నెట్టబడెను. నిప్లింగ్, బుష్‌లాండ్‌లకు 1992లో ప్రపంచ ఆహార బహుమతి లభించెను. పాటన్, కుషింగ్‌ల పేర్లు అంతగా వినబడవు. వారు రెండింటిని విడదీయకున్నచో ఏ ఈగను పెంచి వదలియుందురో ఆలోచింపుడు. ఎరకు సులభముగా చిక్కు కళేబరపు ఈగను పెంచి, వంధ్యములుగా చేసి, ఖర్చుపెట్టి, విమానములలో చల్లియుందురు. హంతకి ఆడ ఈగ వాని వంక చూడనైన చూడదు.

ఈ ప్రమాదము ఊహామాత్రము కాదనుటకు ఒక ఉదాహరణము. 1972లో అమెరికాలో హఠాత్తుగా 95 వేలకు మించిన పశువులకు పురుగు పట్టెను. వంధ్య ఈగలు వదలుచున్నను ఏల ఇట్లయ్యెనని గొప్ప చర్చ బయలుదేరెను. హోమినివోరాక్స్ అనునది ఒక్క జాతి కాదు, పైకి ఏ తేడాయు కనబడని పెక్కు రకముల సముదాయమనియు, కర్మాగారములో పెంచిన రకము అడవిలోని రకముతో జతకూడుట లేదనియు కొందరు 1982లో సైన్సు అను పత్రికలో వాదించిరి. అదే యేట అదే పత్రికలో ఇతరులు గట్టిగా ఖండించిరి. ఇప్పటి వరకు జరిగిన పరిశోధనలను బట్టి ఖండించినవారి పక్షమే బలముగా నున్నదని నా అభిప్రాయము. ఒక్కొక్క ఏడు వాతావరణము, పశుపాలకుల అలసత్వము, కర్మాగారములో పెంచిన ఈగల నీరసము కలిసినచో ఇట్టి విపత్తు రావచ్చును. కాని ప్రశ్న వేసినవారిని నిందింపరాదు. బెజ్జియానా విషయమున ఆఫ్రికా ఈగలు, ఆసియా ఈగలు రెండు వేర్వేరు శాఖలని 2001లో జన్యుపదార్థ పరిశీలన చూపినది. ఒక చోటి మగ ఈగలను వేరొక చోట వదలుటకు ముందు ఇది తెలిసియుండవలెను గదా.

1988లో ఉత్తర ఆఫ్రికాలోని లిబియాలో గొఱ్ఱెలకు పుండు పురుగు కనబడెను. పాత ప్రపంచమున కనబడినది గనుక బెజ్జియానా అని తలచుటకు వీలున్నది. పరీక్షింపగా అది హోమినివోరాక్స్ అని తేలెను. సముద్రము దాటి పశువులతో వచ్చియుండవలెను. ఈ నిర్ణయముపైననే సర్వము ఆధారపడెను. బెజ్జియానా అయినచో అంత పెద్దయెత్తున వదలుటకు ఆ జాతి వంధ్య ఈగలు ప్రపంచములో ఎక్కడను లేవు. హోమినివోరాక్స్ గనుక మెక్సికోలోని కర్మాగారము నుండి 1990 డిసెంబరు మొదలు విమానములలో తెప్పించి వదలిరి. ఆ 1990లో 12 వేలకు మించిన పశువులకు పురుగు పట్టియుండగా, 1991 ఏప్రిలు తరువాత ఒక్క ఉదంతమును లేదు.

ఈగ మాత్రము ఓటమిని అంగీకరించలేదు. 2016లో ఫ్లోరిడా దీవులలోని అరుదైన చిన్న జింకలకు సోకి నూటికి పైగా ప్రాణములు తీసెను; 2017 మార్చి నాటికి మరల వంధ్య ఈగలతోనే అణచిరి. 2023లో పనామాలో హద్దు తెగినది. 2024 నవంబరులో మెక్సికో దక్షిణ భాగమునకు, 2025 సెప్టెంబరులో అమెరికా సరిహద్దునకు నూరు మైళ్ళ లోపలనున్న న్యూవో లియోన్ రాష్ట్రమునకు చేరినది. హద్దు తెగుటకు పశువుల దొంగ రవాణాయే ముఖ్య కారణములలో ఒకటి. చెక్‌పోస్టు దాటించిన పశువుతో పాటు పురుగు సుంకము లేకుండ ప్రయాణించును.

మన దేశములో వంధ్య ఈగల పథకము లేదు. బెజ్జియానా మన పుండ్లలో యథేచ్ఛగా నున్నది. కాబట్టి సెలవులకు ఊరికి పోవు మీలో పశువులున్నవారికి ఒక మాట చెప్పి విరమింతును. పుండులో పురుగు కనబడినచో మందు వేయుటకు ముందు పది పురుగులు తీసి యుంచుడు. పైపైన తిరుగు పురుగులను కాదు, అవి తరువాత చేరిన చిల్లర ఈగలవి కావచ్చును. లోతున తల దూర్చి తోక మాత్రము కనబడువానిని చిమటాతో తీయవలెను. వానిని అప్పుడే మరగి దించిన నీటిలో అర నిమిషము వేయుడు. ప్రాణముతో నుండగా స్పిరిటులో వేసినచో నల్లబడి ముడుచుకొని గుర్తులు చెడును. ఫార్మలిను అసలే వలదు, గట్టిపడిపోవును. వేడినీటినుండి తీసి స్పిరిటు పోసిన చిన్న సీసాలో పెట్టుడు. ఊరు, తేదీ, ఏ పశువు, దేహములో ఏ చోటు అని చిన్న కాగితముపై పెన్సిలుతో వ్రాసి సీసా లోపలనే వేయుడు. సిరాతో వ్రాయకుడు, స్పిరిటులో కరగిపోవును. తరువాత సీతాఫలపు ఆకు వైద్యమో, డాక్టరుగారి వైద్యమో మీ ఇష్టము. సీసాను మాత్రము దగ్గరి పశువైద్యశాలలో ఇచ్చి రసీదు తీసికొనుడు.